సొంతంగా మరమ్మతు చేసుకున్న కారులో చప్పుడు, బ్రేకు లోపం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ముందు వైపు స్ట్రట్లు (గతుకుల అదురును మింగే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత), లింక్ రాడ్లు, కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగాలు), డిస్కులు, ప్యాడ్లు అన్నీ నీ చేతులతోనే మార్చుకున్నావని చదివి సంతోషించాను. అయితే పని ముగిసినప్పటి నుంచి చిన్న చిన్న గతుకుల మీద ఎడమ వైపు టక్కుటక్కుమని చప్పుడు వస్తోందని, బ్రేకు పెడల్ మునుపటి కన్నా లోతుగా దిగుతోందని, ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా (అంటే బ్రేకు గొట్టాల్లోని గాలిని ద్రవంతో పాటు బయటికి తీసినా) దాని మెత్తదనం పోవడం లేదని రాశావు. చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ పోయిందేమో, పెడల్ ఒత్తిడిని బ్రేకు ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్ పోయిందేమో అన్న అనుమానంతో ఆ రెండూ తెప్పించే ఆలోచనలో ఉన్నట్టున్నావు. ఆ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టు. లోపం ఎక్కడుందో తేలకముందే భాగాలు మార్చుకుంటూ పోవడం నేల విడిచి సాము చేయడమే అవుతుంది. పాత లోపం అలాగే ఉండిపోతుంది, కొత్తగా విప్పిన ప్రతి చోటా మరో లోపానికి దారి ఏర్పడుతుంది.

నిన్నటి వరకు నిశ్శబ్దంగా ఉన్న భాగం, నువ్వు ముట్టుకోని భాగం, సరిగ్గా నువ్వు పని ముగించిన రోజే చెడిపోవడం చాలా అరుదు. కాబట్టి నీ అనుమానం మొదట నీ చేయి పడిన చోట్ల మీదే ఉండాలి. నీ పనితనాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఎంత చేయి తిరిగిన మెకానిక్ అయినా బండి తిరిగి వచ్చినప్పుడు ముందుగా అడిగేది, చివరిసారి ఏమేమి విప్పారని. ఒక కాగితం తీసుకుని నువ్వు వదులు చేసిన ప్రతి నట్టునూ బోల్టునూ, ఊడదీసి పక్కకు కట్టిన ప్రతి గొట్టాన్నీ తీగనూ వరుసగా రాసుకో. విప్పేటప్పుడు తీసిన ఫోటోలు ఉంటే వాటిని ముందు పెట్టుకుని రాయి. ఈ జాబితాలోనే నీ చప్పుడు ఉండే అవకాశం ఎక్కువ. కొత్త స్ట్రట్లు గట్టిగా ఉండటం వల్ల, అప్పటికే అరిగి ఉన్న పాత బాల్ జాయింట్ (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రటి కీలు) చప్పుడు అప్పుడే బయటపడటం కూడా కొన్నిసార్లు జరుగుతుంది. కానీ జాబితా అంతా చూసి ముగించిన తరువాతే దాని దగ్గరకు వెళ్లాలి.

రెండు సమస్యలలోనూ బ్రేకుదే మొదటి స్థానం. చప్పుడు ఉన్న బండిని జాగ్రత్తగా కదిపి చూడవచ్చు గాని, నమ్మకం లేని పెడల్‌తో గేటు కూడా దాటకూడదు. పెడల్ సంగతి తేలే వరకు బండి ఉన్న చోటనే ఉండనీ.

ముందుగా, పెడల్ ఏ తీరుగా దిగుతోందో కాలితోనే తెలుసుకోవాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పెడల్‌ను నిదానంగా తొక్కు. స్ప్రింగు మీద కాలు పెట్టినట్లు సాగుతూ, వెంటవెంటనే నొక్కితే కాస్త పైకి వచ్చి గట్టిపడుతూ ఉంటే లోపల గాలి ఉన్నట్టు లెక్క. మొదటి తొక్కుకు లోతుగా దిగి, రెండో తొక్కుకు ఎత్తులో గట్టిగా ఆగి, కాసేపు వదిలి తొక్కితే మళ్లీ లోతుగా దిగుతూ ఉంటే, అది గాలి కన్నా ఖాళీ సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. అంటే వెనుక డ్రమ్ములలో షూలు (డ్రమ్మును లోపలి నుంచి పట్టే బ్రేకు పలకలు) దూరంగా ఉండిపోయి ఉండవచ్చు, లేదా డిస్కు వంకరగా తిరుగుతూ ప్యాడ్లను వెనక్కి నెడుతూ ఉండవచ్చు. ఈ రెండూ కాక, పెడల్ గట్టిగానే అనిపించి, ఒకే బలంతో తొక్కిపట్టి ఉంచినప్పుడు మెల్లమెల్లగా కిందికి జారిపోతూ ఉంటే అది వేరే సంగతి. ఎక్కడో ద్రవం కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు ఒత్తిడిని నిలపలేకపోతున్నాయి. నువ్వు రాసిన దానిలో మెత్తదనం గురించే ఉంది గాని జారడం గురించి లేదు. అందుకే మాస్టర్ సిలిండర్ మీద నీ అనుమానం తొందరపాటని నాకు అనిపిస్తోంది.

కాలిపర్లు కొత్తవి వేశావు గనుక, అన్నిటికన్నా ముందు ఒక్కటి చూడు. చక్రం విప్పి, బ్లీడింగ్ నిపుల్ (గాలి, ద్రవం బయటికి వదిలే చిన్న మర) కాలిపర్‌కు ఏ వైపున ఉందో గమనించు. అది సిలిండర్ పైభాగాన, హోస్ (ద్రవం తెచ్చే రబ్బరు గొట్టం) వచ్చి కలిసే చోటు కన్నా ఎత్తులో ఉండాలి. ఎడమ, కుడి కాలిపర్లు అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి అచ్చంగా సరిపోతాయి. చాలా కార్లలో ఒక వైపుది మరొక వైపు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటుంది, బోల్టులు కూడా సరిగ్గా పడతాయి. అలా తారుమారైతే నిపుల్ అడుగుకు వస్తుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి, అడుగున ఉన్న నిపుల్ నుంచి ఎన్ని సీసాల ద్రవం తీసినా పైన చిక్కుకున్న గాలి అక్కడే ఉంటుంది. నిపుల్ నుంచి ఒక్క బుడగ కూడా లేని శుభ్రమైన ద్రవం వస్తూ, పెడల్ మాత్రం మెత్తగానే ఉండటం దీని గుర్తు. నీ ఉత్తరంలోని వర్ణన దీనికి చాలా దగ్గరగా ఉంది. తారుమారు అయ్యాయని తేలితే రెండింటినీ వాటి వాటి వైపులకు మార్చి, హోస్ బోల్టు దగ్గర ఉండే రాగి వాషర్లను కొత్తవి వేసి బిగించు. ఆ వాషరు ఒకసారి నలిగి అతుక్కున్న తరువాత రెండోసారి అదే రీతిలో అతుక్కోదు; అక్కడి నుంచి ద్రవం చెమ్మగా ఊరడం మొదలవుతుంది.

నిపుల్ సరైన చోటే ఉంటే బ్లీడింగ్ పద్ధతిని పరిశీలించుకోవాలి. సహాయకుడు పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు నిపుల్ తెరిచి, అతను కాలు తీయకముందే మూయాలి. ఆ క్రమం ఒక్క క్షణం తప్పినా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. బ్రేకు ద్రవం పోసే ట్యాంకు ఒక్కసారి కూడా అడుగంటకూడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో నీ కారు సర్వీసు మాన్యువల్ చెప్పినట్టే చెయ్యి, ఎందుకంటే దూరపు చక్రంతో మొదలుపెట్టాలన్న పాత లెక్క అన్ని కార్లకూ వర్తించదు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండిలో, దాని వాల్వుల పెట్టె అయిన మాడ్యులేటర్ లోపలికి గాలి చేరితే, కొన్ని మోడళ్లలో స్కానర్ తగిలించి దాని వాల్వులను తెరిపిస్తే గాని అది బయటికి రాదు. పాతబడిన కారులో బ్లీడింగ్ చేసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కించవద్దు. రోజూ తిరగని ఆ చివరి భాగంలో మాస్టర్ సిలిండర్ గోడకు తుప్పు, మడ్డి పట్టి ఉంటాయి. సీళ్లు దాని మీద రాసుకుంటే చిరుగుతాయి. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే ఆ ప్రమాదం తప్పుతుంది. ఇన్నిసార్లు బ్లీడింగ్ చేశావు గనుక ఇకముందు పెడల్ జారడం మొదలైతే మాత్రం, అప్పుడు మాస్టర్ సిలిండర్‌ను అనుమానించవలసిందే.

ద్రవం విషయంలో రెండు మాటలు. ట్యాంకు మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పొయ్యి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే కుటుంబానికి చెందిన గ్లైకాల్ ద్రవాలు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, దానిని వీటితో కలపకూడదు. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరిన తరువాత ఆ కనీస పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడవైన దిగుడు దారిలో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేమే ఆవిరి బుడగలుగా మారి పెడల్‌ను నేలకు దింపుతుంది. అందువల్ల మూత తీసి చాలా రోజులుగా అలమారలో ఉన్న డబ్బా వాడవద్దు. ద్రవం బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. ఇంజిన్ ఆయిల్ వంటి ఖనిజ నూనె చుక్క కూడా ట్యాంకులో పడనివ్వకు, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

గాలి పోయినా పెడల్ ప్రయాణం ఎక్కువగానే ఉంటే, వెనుక డ్రమ్ములు ఉన్న కారైతే షూల అడ్జస్టర్ చూడు. హ్యాండ్ బ్రేక్ చాలా పైకి లాగితే గాని పట్టకపోవడం దానికి సూచన. ముందు షూలు సరిచేసి, ఆ తరువాతే కేబుల్ బిగించాలి. కేబుల్ బిగించి షూల ఖాళీని కప్పిపుచ్చితే హ్యాండ్ బ్రేక్ పడుతుంది గాని పెడల్ లోతు అలాగే ఉంటుంది.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోవడం నీ సమస్య కాకపోయినా, బూస్టర్ (కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే భాగం) పరీక్ష తెలిసి ఉండటం మంచిది. ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు పెడల్ తొక్కి, అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చెయ్యి. కాలి కింద పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ పని చేస్తున్నట్టు. దిగకపోతే వాక్యూమ్ గొట్టం, దాని వాల్వు చూడాలి. పనంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా ఒక నిమిషం పాటు పెడల్‌ను బలంగా తొక్కిపట్టించి, ప్రతి కీలు దగ్గరా పొడి కాగితం అద్ది చూడు. తడి తగిలిన చోట పని మిగిలి ఉన్నట్టే.

ఇక చప్పుడు సంగతి. దానికోసం మళ్లీ బండి లేపవలసి వస్తుంది కాబట్టి, ఒక షరతు ముందే పెడుతున్నాను, దీనిలో నాకు రాజీ లేదు. జాకీ బండిని లేపడానికే గాని, దాని కిందకు మనిషి వెళ్లడానికి కాదు. గట్టి సమతల నేల మీద, నేల మీద ఉన్న చక్రాలకు అడ్డులు పెట్టి, మాన్యువల్‌లో చూపిన చోట్ల జాక్ స్టాండ్లు నిలిపి, బండిని చేత్తో ఊపి కదలడం లేదని నిర్ధారించుకున్న తరువాతే కిందకు చేయి పెట్టు.

చప్పుడును వెతికేవారు చాలామంది అది ఎక్కడి నుంచి వస్తోందని చెవులు రిక్కిస్తారు. నేను ముందు అడిగేది అది ఎప్పుడు వస్తోందని. ఇనుప బాడీ గుండా చప్పుడు ఎంత దూరమైనా పాకుతుంది. ముందు చక్రం దగ్గర పుట్టినది డాష్‌బోర్డు వెనుక వినిపించవచ్చు, కుడి వైపుది ఎడమ వైపున తోచవచ్చు. చోటు మోసం చేస్తుంది గాని సందర్భం మోసం చేయదు. ఒక చక్రం మాత్రమే గతుకులో పడినప్పుడు వస్తోందా, రెండు చక్రాలు ఒకేసారి ఎక్కి దిగినప్పుడు వస్తోందా, నిలబడి స్టీరింగ్ తిప్పినప్పుడు వస్తోందా, బ్రేకు వేసిన క్షణాన వస్తోందా, ముందుకు వెనక్కు మారినప్పుడు ఒక్కసారి వస్తోందా అన్నది రాసుకో. పెడల్ పూర్తిగా సరి అయిన తరువాత, జనం లేని ఖాళీ చోట, నడక వేగానికి కాస్త ఎక్కువ వేగంతో, కిటికీలు దించి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఇదంతా పరీక్షించు. డిక్కీలోని జాకీ, పనిముట్లు, స్పేర్ చక్రం ముందే బయట పెట్టెయ్యి. వదులుగా ఉన్న స్పేర్ చక్రాన్ని సస్పెన్షన్ లోపంగా భావించి స్ట్రట్లు విప్పినవారు ఉన్నారు.

ఆ పరీక్షలో మొదటి మెట్టు ఇది: అదే గతుకుల మీద అదే వేగంతో వెళ్తూ, బండి ఆగనంత తేలికగా ఎడమ కాలి వేళ్లతో బ్రేకు మీద ఒత్తిడి పెట్టు. చప్పుడు మాయమైతే అది సస్పెన్షన్‌ది కాదు. ప్యాడ్లు గాని కాలిపర్ గాని కదులుతున్న చప్పుడు. పెడల్ కాస్త తాకగానే ప్యాడ్లు డిస్కును పట్టుకుని నిలిచిపోతాయి కాబట్టి గలగల ఆగుతుంది. అప్పుడు బ్రాకెట్‌లో ప్యాడ్ల చెవుల కింద ఉండే స్టీలు క్లిప్పులు వేశావా, ప్యాడ్లతో వచ్చిన కొత్త స్ప్రింగులను డబ్బాలోనే వదిలేశావా అని చూసుకో. గైడ్ పిన్నులు పైది కిందికి, కిందిది పైకి మారినా ఈ చప్పుడే వస్తుంది. చాలా కాలిపర్లలో ఒక పిన్నుకు రబ్బరు బుష్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. దేని చోటు దానిదే. పిన్నులకు బ్రేకుల కోసం తయారైన సిలికాన్ గ్రీజే పూయాలి, మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను ఇరుక్కుంటుంది. కాలిపర్ బ్రాకెట్ బోల్టులు వదులైతే ఇలాంటి చప్పుడే ఇంకాస్త లోతుగా వస్తుంది, అది ప్రాణాంతకం. అందుకని ముందుగా వాటి బిగువు టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచే పానాతో) చూడు.

బ్రేకు తాకినా చప్పుడు అలాగే ఉంటే, నువ్వు కొత్తగా వేసిన లింక్ రాడ్ల దగ్గరకు వెళ్లాలి. అవి పట్టుకుని ఉండే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపే కడ్డీ) మెలిక పడేది రెండు చక్రాలు వేర్వేరుగా కదిలినప్పుడే. ఒక చక్రం మాత్రమే గతుకులో పడినప్పుడు టక్కుమంటూ, అడ్డంగా ఉన్న గట్టును రెండు చక్రాలతో ఒకేసారి దాటినప్పుడు చప్పుడు రాకపోతే లింకుల మీదే అనుమానం బలపడుతుంది. రెండు వైపులా లింకులు విప్పి, దేనికీ తగలకుండా బార్‌ను, లింకులను కట్టి, ఆ ఖాళీ స్థలంలోనే మెల్లగా నడిపి చూస్తే తేలిపోతుంది. మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి వేగం వద్దు. చప్పుడు పోయిందంటే చాలాసార్లు లింకు చెడ్డదై ఉండదు, దాని నట్టు పూర్తిగా బిగిసి ఉండదు. బిగిస్తున్నప్పుడు లోపలి బాల్ స్టడ్ కూడా నట్టుతో పాటే తిరుగుతుంది, పానాకు బిగిసినట్టు అనిపిస్తుంది గాని నట్టు ముందుకు కదలదు. స్టడ్ చివర ఉన్న గుంటలో ఆలెన్ కీ పెట్టి ఆపి, రింగు పానాతో నట్టు బిగించాలి. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు బిగిస్తే బార్ మెలిక పడకుండా రంధ్రాలు సరిగ్గా కుదురుతాయి.

లింకులు నిర్దోషులైతే తరువాత చూడవలసింది స్ట్రట్ పైకొసను బాడీకి పట్టి ఉంచే మౌంట్. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడమంటాను, ఎందుకంటే స్ట్రట్లు సొంతంగా మార్చినవారి చప్పుళ్లలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది. బానెట్ తెరిచి, ఒక చేయి మౌంట్ మీద పెట్టి, మరొకరిని చక్రాలు నేల మీద ఉండగా స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకు నిదానంగా తిప్పమను. చెవికి వినిపించకముందే వేళ్లకు తెలుస్తుంది. బేరింగ్ సాఫీగా తిరుగుతుంటే చేతికి ఏమీ తగలదు. పట్టి పట్టి వదులుతూ, మధ్యమధ్యలో స్ప్రింగు ఎగిరి కూర్చున్నట్టు టంగుమంటే బేరింగ్ తలకిందులుగా పడిందో, స్ప్రింగు కొస కింది సీటులోని మెట్టుకు ఆనకుండా పక్కకు కూర్చుందో చూడాలి. చక్రపు సందు నుంచి టార్చి వేస్తే ఆ కొస కనిపిస్తుంది. ఇక మధ్య నట్టు విషయం. మౌంట్, బేరింగ్, వాషరు, స్పేసరు ఏ వరుసలో ఉండాలో ఆ వరుసలో లేకపోయినా, వాటిలో ఒకటి పాత స్ట్రట్‌తో పాటు పోయినా, నట్టు రాడ్ మీది మరచుట్ల చివరికి వెళ్లి ఆగిపోతుంది. రెంచ్‌కు పూర్తి బిగువు తెలుస్తుంది, కానీ నట్టుకూ మౌంట్‌కూ మధ్య సన్నని సందు మిగిలిపోయి ఉంటుంది. గతుకు తగిలిన ప్రతిసారి రాడ్ ఆ సందులో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. పాత స్ట్రట్‌ను పారవేయకపోతే దానిని, కొత్తదానిని పక్కపక్కన పెట్టి వరుస పోల్చి చూడు. దానిని సరిచేయడానికి స్ట్రట్ దింపవలసి వస్తే, స్ప్రింగును మంచి కంప్రెసర్‌తో రెండు వైపులా సమానంగా నొక్కిన తరువాతే మధ్య నట్టు వదులు చెయ్యి. నొక్కి ఉన్న స్ప్రింగు ఎదురుగా ముఖం గాని చేతులు గాని ఉంచకు. ఆ పనిముట్టు మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా, దింపిన స్ట్రట్‌ను పనితనం తెలిసిన వర్క్‌షాపుకు తీసుకెళ్లి ఆ ఒక్క పని చేయించుకో.

లోయర్ ఆర్మ్ తెప్పిస్తానన్నావు కదా, దాని బోల్టులను స్ట్రట్ పనిలో వదులు చేశావా అన్నది గుర్తు తెచ్చుకో. చేసి ఉంటే, చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడే వాటిని బిగించి ఉంటావు. ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది, అది తిరగదు, మెలిక పడి కోలుకుంటుంది. ఆర్మ్ కిందికి దిగి ఉన్నప్పుడు బిగిస్తే, బండి నేలకు దిగగానే ఆ రబ్బరు శాశ్వతంగా మెలిక పడి ఉండిపోతుంది. మెల్లగా ఊగినప్పుడు కిర్రుమంటుంది, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. దానికి కొత్త ఆర్మ్ అక్కరలేదు. బోల్టులు వదులు చేసి, ర్యాంపుల మీద బండి బరువు చక్రాల మీద ఉన్న స్థితిలో, మాన్యువల్ చెప్పిన బిగువుకు మళ్లీ బిగించు. కొత్త ఆర్మ్ తెప్పించి అదే తప్పు పద్ధతిలో బిగిస్తే అదే కిర్రు కొత్తగా వస్తుంది.

బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొస) పరీక్ష నీకు తెలిసినదే. లేచి ఉన్న చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్, ఇరుపక్కలా పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ వదులు తెలుస్తుంది. ఊపుతున్నప్పుడు మరొకరు బ్రేకు తొక్కితే కదలిక ఆగిందంటే వదులు బేరింగ్‌లో ఉంది. కోట నట్టులో (పిన్ను దూర్చడానికి గాడులున్న నట్టులో) పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించి కలపాలి గాని వెనక్కి తిప్పకూడదు. మలుపులో వేగం అందుకున్నప్పుడు కటకటమంటే, ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ సంగతి. నేరుగా వెళ్తున్నప్పుడు గుయ్యిమని, వేగంతో పాటు పెరుగుతూ, ఒక వైపుకు తిరిగితే హెచ్చి మరొక వైపుకు తిరిగితే తగ్గుతూ ఉంటే వీల్ బేరింగ్. సాధారణంగా ఎడమకు తిరిగినప్పుడు బరువు పడేది కుడి బేరింగ్ మీద, కుడికి తిరిగినప్పుడు ఎడమదాని మీద.

బ్రేకుల నుంచి వచ్చే చప్పుళ్లలో కంగారు పెట్టేది, నిజానికి చాలా తేలికైనది ఒకటుంది. చక్రం తిరిగినంతసేపూ ఆగకుండా గరగరమంటే, డిస్కు వెనుక ఉండే పలుచని రేకు పని చేసేటప్పుడు వంగి డిస్కును రాస్తూ ఉంటుంది. వేలితో వెనక్కి నెడితే చాలు. బ్రేకు వేస్తే కీచుమనడం వేరు. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకునే వరకు అది సహజమే. ప్యాడ్ల తయారీదారు సూచన ఏదైనా ఉంటే అదే పాటించు. లేకపోతే, వెనుక ఎవరూ లేని చోట, మధ్యస్థమైన వేగం నుంచి బండి పూర్తిగా ఆగకుండా దాదాపు నిలిచేంత వరకు పలుమార్లు తగ్గిస్తూ, మధ్యలో చల్లారడానికి కాస్త దూరం నడుపుతూ పోవాలి. వేడెక్కిన వెంటనే పెడల్ తొక్కిపట్టి నిలబడవద్దు. ఇనుము ఇనుమును కోస్తున్నట్టు ఘోరమైన చప్పుడైతే మాత్రం వెంటనే చక్రం విప్పు. ప్యాడ్ వెనుక ఇనుప పలక డిస్కు వైపుకు తిరిగి ఉండటం నమ్మలేనట్టు అనిపించవచ్చు గాని, అదీ జరుగుతుంది.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే డిస్కు వంగిపోయిందని కొత్త డిస్కుల మీద నింద వెయ్యకు. హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) ముఖం మీద మిగిలిన తుప్పు పెచ్చు మీద కొత్త డిస్కును కూర్చోబెడితే అది కాస్త పక్కకు వాలి తిరుగుతుంది. అనుమతించే ఊగిసలాట చాలా కార్లలో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. డిస్కు తీసి, హబ్ ముఖాన్ని ఇనుప బ్రష్‌తో మెరిసేదాకా శుభ్రం చేసి, చక్రపు నట్లను ఎదురెదురుగా విడతల వారీగా టార్క్ రెంచ్‌తో బిగించు.

కొంత దూరం బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి ఆగిన తరువాత ఒక చక్రం మిగతావాటి కన్నా స్పష్టంగా వేడిగా ఉంటే బ్రేకు వదలడం లేదు. డిస్కును ముట్టుకోకు, చక్రానికి దగ్గరగా అరచేయి పెట్టినా తెలుస్తుంది. చక్రం లేపి తిప్పి చూసి, బిగుసుకుని ఉంటే నిపుల్ కాస్త తెరువు. ద్రవం చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుని ఉంది. ఒక్క చక్రానికే అయితే పాత హోస్ లోపల పూడుకుపోయి ఉండవచ్చు, అన్ని చక్రాలకూ అయితే మాస్టర్ సిలిండర్ తోపుడు కడ్డీకి ఖాళీ లేకపోవచ్చు. నిపుల్ తెరిచినా బిగుసుకునే ఉంటే పిస్టన్ గాని పిన్నులు గాని ఇరుక్కున్నాయి. కాలిపర్‌ను హోస్ మీద వేలాడదీసి పని చేసి ఉంటే ఆ హోస్‌ను ఎలాగూ మార్చెయ్యి.

సరిచేసేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చి, మళ్లీ అదే దారిలో నడిపి చూడు. రెండు మూడు ఒకేసారి మారిస్తే చప్పుడు పోయినా ఏది సరి అయిందో తెలియదు, తిరిగి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. టార్క్ రెంచ్‌తో బిగించిన ప్రతి బోల్టు తల మీదా, దాని పక్కన ఇనుము మీదా కలిసేలా పెయింటుతో ఒక గీత గియ్యి. గీత విడిపోతే బోల్టు కదిలినట్టు. చక్రపు నట్లను 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ ఒకసారి బిగించి చూడు. స్ట్రట్లు విప్పావు గనుక, చప్పుడు పూర్తిగా తగ్గిన తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ముందే చేయిస్తే, మళ్లీ విప్పినప్పుడు ఆ పని వృథా అవుతుంది.

నిపుల్ పైనే ఉండి, కీళ్లన్నీ పొడిగా ఉండి, బ్లీడింగ్ క్రమం తప్పకుండా చేసినా పెడల్ మెత్తగా ఉన్నా, లేదా తొక్కిపట్టినప్పుడు జారుతున్నా, బండిని నువ్వు నడుపుకుంటూ వర్క్‌షాపుకు తీసుకెళ్లవద్దు. టోయింగ్ బండి మీద పంపించు, నువ్వు చేసిన పనుల జాబితాను మెకానిక్ చేతిలో పెట్టు.

ఎడమ, కుడి కాలిపర్ల నిపుల్ ఎక్కడుందో ఫోటో తీసి పంపు. తేలికగా బ్రేకు తాకించినప్పుడు టక్కుటక్కు ఆగిందో లేదో కూడా రాయి. ఆ రెండూ చూసిన తరువాతే ఏదైనా భాగం తెప్పించాలో వద్దో చెబుతాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య